27 మూలికల సీసా

రెండు వారాల కిందట ఆదివారం తార్నాకలోని మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో వైద్యశాస్త్రం ఒక్క గంతు వేసింది. కార్లు బయటపెట్టించి, కుర్చీలు వేయించి, ఒకాయన మైకులో నల్ల సీసా ఎత్తి చూపించాడు. ఇందులో 27 మూలికలున్నాయి, ఏ వైరసైనా ఖతం! అవతలి కంపెనీ సీసాలో 21 మాత్రమేనట. మా రెండో అంతస్తు శర్మగారు ఆలోచించి రెండు సీసాలు కొన్నారు. అంటే 54.

ఈ కూడిక తెలియకే పాపం సైంటిస్టులు అవస్థ పడుతున్నారు. రెండు మందులు కలిస్తే బలం పెరుగుతుందో లేదో తేల్చడానికి 8 వరసలు, 12 నిలువులు, 96 గుంటల ప్లాస్టిక్ పళ్లెం. గుంటల నిండా వీరో కణాలు, 1962లో ఆఫ్రికా కోతి కిడ్నీ నుంచి తీసి పెంచుకొస్తున్న సంతతి. ఒక మందు మోతాదు అడ్డంగా, రెండోదాని మోతాదు నిలువుగా మారుస్తూ పోసి, వైరస్ వదిలి, ఎక్కడ వైరస్ సగానికి పడిందో, ఎక్కడ కణాలే చచ్చాయో విడివిడిగా చూడాలి. (కణంతో సహా చంపడానికైతే ఫినాయిల్ చాలు.) ఆపైన చౌ, తలాలే అనే శాస్త్రవేత్తలు 1984లో చెప్పిన లెక్క వెయ్యాలి. సూచిక 1 లోపు వస్తే జోడీ కుదిరింది. సరిగ్గా 1 అయితే ఎవరి పని వాళ్లది. దాటితే ఒకదాని కాలు ఒకటి లాగుతోంది. ఇదంతా రెండు మందులకే. 27 మూలికల్లో జోడీలే 351.

చెయ్యెత్తి అడిగాను, వీటిలో ఎన్ని జోడీలు కొలిచారని. 'సినర్జీ సార్! అన్నీ కలిసి పనిచేస్తాయి' అన్నాడు. చప్పట్లు. కొట్టినవాళ్లు 40 ఫ్లాట్లవాళ్లు, అందరూ కలిసి మూడేళ్లుగా లిఫ్టు బాగుచేయించలేనివాళ్లు.

'మిరియాలు వేస్తే పసుపు ఒంటికి పడుతుంది కదండీ' అన్నారు శర్మగారు. నిజమే. మిరియాల్లోని పైపరిన్ పసుపులోని కర్కుమిన్‌ని రక్తంలో పెంచుతుంది. ఫిట్స్‌కి వేసుకునే ఫెనిటాయిన్ మందునీ అలాగే పెంచుతుంది. ఆ సంగతి సీసా మీద ఏ మూలా లేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. మా వాచ్‌మన్ కొడుక్కి డెంగీ వచ్చింది. నాలుగు రోజులు ఈ సీసాయే పట్టించాడు. అయిదో రోజు జ్వరం దిగింది, గేటు దగ్గర అందరికీ చెప్పుకున్నాడు. డెంగీలో జ్వరం దిగాక వచ్చే ఒకటి రెండు రోజులే గండమని ఆ మైకువాడు చెప్పలేదు. చెప్పడు! రక్తనాళాల్లోంచి నీరు కారిపోతుంటే ఏ మూలిక ఆపుతుందిరా? కొలిచావా? ఒక్క గుంటలోనైనా, ఒక్కసారైనా కొలిచావా?

పిల్లాడు ఐసీయూ నుంచి వార్డుకొచ్చాడు. నిన్న వాచ్‌మన్ సగం ఖాళీ అయిన సీసా సంచిలోంచి తీసి అడిగాడు: 'ఇది వాపస్ తీస్కుంటరా సార్?'