పేటెంటు వచ్చింది సరే, ప్రక్రియ ప్లాంటుకు చేరిందా?

ప్రభుత్వ పరిశోధనాలయాల గురించి పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా మొదట కనిపించేది పేటెంట్ల సంఖ్యే. ఎన్ని దరఖాస్తులు వేశారు, ఎన్ని మంజూరయ్యాయి, విదేశాల్లో ఎన్ని దక్కాయి అన్న లెక్కలుంటాయి గానీ, ఆ పేటెంట్లలో చెప్పిన విధానంతో ఎవరు, ఎక్కడ, ఏ సరుకు తయారుచేస్తున్నారన్న సంగతి అరుదుగా తప్ప కనిపించదు. బల్క్ డ్రగ్ (మందుల్లోని అసలు రసాయనాన్ని తయారుచేసే) పరిశ్రమలో ఉత్పత్తి విభాగంలో పనిచేసిన వ్యక్తిగా నాకు ఈ పద్ధతి మీద గట్టి అభ్యంతరం ఉంది. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ ఒక తయారీ విధానానికి పేటెంటు తీసుకున్నదంటే, దానికి విలువ కట్టవలసింది అది ప్లాంటులో నడిచిందా లేదా అన్నదాన్ని బట్టే.

ఈ మాట హైదరాబాదును చూసే అంటున్నాను. తార్నాకలోని ఐఐసీటీని (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) పాత తరం వారు ఇప్పటికీ ఆర్‌ఆర్‌ఎల్ అనే అంటారు. 1944లో హైదరాబాద్ సంస్థానం శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనల కోసం నెలకొల్పిన ప్రయోగశాలలే 1956లో కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ కిందికి వచ్చి రీజనల్ రీసెర్చ్ లాబొరేటరీగా మారాయి. ఐఐసీటీ అన్న పేరు 1989లో వచ్చింది. రీజనల్ అన్న మాటకు అప్పట్లో పనిలో అర్థం ఉండేది. సయ్యద్ హుస్సేన్ జహీర్ వంటి డైరెక్టర్ల కాలం నుంచీ ఇక్కడి పరిశోధన ఇక్కడ దొరికే ముడిసరుకుల చుట్టూ తిరిగింది. సింగరేణి బొగ్గును తక్కువ ఉష్ణోగ్రత దగ్గర కార్బనీకరించి (గాలి తగలకుండా వేడిచేసి) పొగరాని ఇంధనం తీయడం, ఆముదం, పత్తిగింజల వంటి నూనెగింజల నుంచి పరిశ్రమకు పనికొచ్చే రసాయనాలు రాబట్టడం ఆ కాలపు పనులు. ఆ తర్వాత పురుగుమందులు, మందులు వచ్చి చేరాయి.

ప్రక్రియ పేటెంటుకు మన దేశంలో ఇంత ప్రాధాన్యం ఎందుకు వచ్చిందో తెలియాలంటే 1970 నాటి పేటెంట్ల చట్టాన్ని గుర్తు చేసుకోవాలి. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఆధారంగా రూపొంది 1972లో అమలులోకి వచ్చిన ఆ చట్టం, మందులకూ ఆహార పదార్థాలకూ వస్తువు మీద పేటెంటు ఇవ్వడానికి ఒప్పుకోలేదు, తయారుచేసే విధానం మీద మాత్రమే ఇచ్చింది. అదీ మందుల విషయంలో ఏడేళ్లకు మించి కాదు. ఒక మందును ఎవరో కనిపెట్టినా, దాన్ని వేరే దారిలో తయారుచేయగలిగితే ఆ దారి మీద హక్కు మనదే అయ్యేది. అందుకే 2005లో వస్తువు మీద పేటెంటు మళ్లీ వచ్చేదాకా మన రసాయన శాస్త్రవేత్తల ప్రతిభంతా కొత్త దారులు వెతకడంలోనే వెచ్చించబడింది. ఈ రోజు బాలానగర్, జీడిమెట్ల, పాశమైలారం, విశాఖ పరవాడలలో కనిపిస్తున్న పరిశ్రమకు ఆ చట్టమే పునాది వేసింది.

ఆ కాలంలో అన్నిటికంటె గొప్ప ఉదాహరణ జిడోవుడిన్. హెచ్ఐవీకి అమెరికాలో 1987లో అనుమతి పొందిన ఈ మొదటి మందు సామాన్యులు తాకలేనంత ఖరీదుగా ఉండేది. గుంటూరు నుంచి వచ్చిన డాక్టర్ ఏ.వి. రామారావు డైరెక్టరుగా ఉన్న రోజుల్లో ఐఐసీటీ దానికి ఒక తయారీ విధానాన్ని రూపొందించగా, సిప్లా సంస్థ దాన్ని తీసుకుని 1990ల తొలినాళ్లలో ఎంతో తక్కువ ధరకు మందును మార్కెట్టులో పెట్టింది. ఆ ప్రయోజనం కాగితం మీద హక్కు దక్కడంతో రాలేదు, ఫ్యాక్టరీలో టన్నుల లెక్కన మందు తయారైనందుకు వచ్చింది. 2020లో కోవిడ్ సమయంలో ఫావిపిరావిర్ అనే వైరస్ మందుకూ ఈ రెండు సంస్థలే అదే దారిలో నడిచాయి. ఇటువంటి జత కుదరడం అరుదు. ఎందుకు అరుదన్నదే నా పోస్టులో అసలు విషయం.

పేటెంటు స్పెసిఫికేషన్‌లో, అంటే విధానాన్ని వివరిస్తూ దరఖాస్తుతో ఇచ్చే పత్రంలో, ఉదాహరణలు ఎలా ఉంటాయో చూడండి. ఇన్ని గ్రాముల పదార్థాన్ని ఇన్ని మిల్లీలీటర్ల సాల్వెంటులో (ద్రావణిలో) కరిగించి, సున్నా నుంచి ఐదు డిగ్రీల మధ్య రెండో పదార్థాన్ని అరగంటలో చుక్కలు చుక్కలుగా కలిపి, రెండు గంటలు తిప్పి, వడపోసి, ఎండబెడితే ఇంత శాతం దిగుబడి వచ్చిందని ఉంటుంది. లీటరు ఫ్లాస్కులో అది నిజమే. అదే చర్యను వెయ్యి లీటర్ల రియాక్టరులో చేయబోతే పరిమాణం వెయ్యి రెట్లు పెరుగుతుంది, వేడిని బయటికి పంపే గోడ వైశాల్యం మాత్రం సుమారు వంద రెట్లే పెరుగుతుంది. అంటే ఒక్కొక్క లీటరుకు దక్కే చల్లదనం పదో వంతుకు పడిపోతుంది. వేడిని విడుదల చేసే చర్య అయితే ఉష్ణోగ్రతను ఐదు డిగ్రీల లోపల నిలబెట్టడం కోసం, ఫ్లాస్కులో అరగంటలో కలిపినదాన్ని ఇక్కడ ఒక షిఫ్టు మొత్తం కలపవలసి వస్తుంది. అంతసేపూ తయారైన పదార్థం రియాక్టరులోనే ఉండి మరికొంత చర్యకు లోనవుతుంది, స్పెసిఫికేషన్‌లో లేని మలినం ఒకటి పుట్టుకొస్తుంది. దాన్ని తీసేయడానికి మరోసారి స్ఫటికీకరణ చేస్తే దిగుబడి పడిపోతుంది. నేను పనిచేసిన యూనిట్లలో ఒకదానిలో ఇలాగే ఒక ఇంటర్మీడియట్ (మందు తయారీలో మధ్య దశ పదార్థం) బ్యాచ్ ఉష్ణోగ్రత చేయి దాటి, రియాక్టరు చుట్టూ ఉండే జాకెట్టులో బ్రైన్ (చల్లబరిచిన ఉప్పునీరు) పూర్తిగా తిప్పినా దిగక, రాత్రి షిఫ్టు వాళ్లంతా రియాక్టరు దగ్గరే నిలబడవలసి వచ్చింది. చివరికి బ్యాచ్ మొత్తం పారబోశారు. కాగితం మీద ఉన్న విధానంలో తప్పేమీ లేదు, దాన్ని ఆ కొలతలో ఎవరూ చేసి చూడలేదంతే.

ఫ్లాస్కుకూ రియాక్టరుకూ మధ్య ఉన్న ఈ ఖాళీని పూడ్చేదే పైలట్ ప్లాంటు, అంటే మధ్యస్థాయి కొలతలో ప్రక్రియను నడిపి చూసే చిన్న ప్లాంటు. పరిశోధనాలయానికి దాన్ని నడిపే డబ్బు, ఆపరేటర్లు, కెమికల్ ఇంజనీర్లు లేకపోతే ఆ పని ప్రక్రియను కొన్నవాడి నెత్తిన పడుతుంది. చిన్న యూనిట్ల యజమానులు అంత నష్టాన్ని భరించలేరు కాబట్టి, పాత విధానంతోనే సర్దుకుపోతారు. శాస్త్రవేత్తకు పదోన్నతి పేటెంట్ల లెక్క మీద, ప్రచురించిన పత్రాల లెక్క మీద ఆధారపడినప్పుడు, ఏళ్ల తరబడి పైలట్ ప్లాంటులో కూర్చుని ఒక్క ప్రక్రియను బాగుచేసిన ఇంజనీరుకు దక్కేది ఏముంటుంది? ఈ అన్యాయం నన్ను నిజంగా బాధిస్తుంది, ఎందుకంటే దేశానికి సరుకు అందేది వారి చేతుల మీదుగానే.

మరో విషయం వ్యర్థాలది. స్పెసిఫికేషన్‌లో నీటి పొరను వేరుచేసి తొలగించాలన్నది ఒక్క వాక్యం. ప్లాంటులో ఆ ఒక్క వాక్యమే ట్యాంకర్లకు ట్యాంకర్ల వ్యర్థజలం. మందుల తయారీలో ఒక కిలో సరుకుకు పాతిక నుంచి వంద కిలోల దాకా వ్యర్థం పుట్టడం మామూలేనని ఈ రంగంలో పనిచేసేవారందరికీ తెలుసు. పటాన్‌చెరు దగ్గర ఇసుకవాగు, నక్కవాగు ఎంత కలుషితమయ్యాయో చూసినవారికి, శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించిన సంగతి గుర్తున్నవారికి, ప్రక్రియ అంటే దిగుబడి ఒక్కటే కాదని వేరే చెప్పనక్కరలేదు. ప్రజాసంస్థ ఇచ్చే ప్రతి ప్రక్రియతోనూ కిలో సరుకుకు ఎంత వ్యర్థం, ఏ రూపంలో వస్తుందో, దాన్ని ఏం చేయాలో రాసి ఇవ్వడం తప్పనిసరి కావాలి.

చేయలేనిదేమీ కాదని చూపడానికి హైదరాబాదు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టులో జరిగిన పని చాలు. ఐఐసీటీ పేటెంటు పొందిన అనరోబిక్ గ్యాస్ లిఫ్ట్ రియాక్టరు అక్కడ పని చేసింది. పాడైన కూరగాయలను ముక్కలు చేసి, ముద్దగా మార్చి, గాలి చొరబడని ట్యాంకులోకి పంపుతారు. అందులో పుట్టిన వాయువునే తిరిగి లోపలికి పంపి ముద్దను కలియతిప్పడం ఈ విధానంలోని తెలివి. రోజుకు పది టన్నుల దాకా వ్యర్థంతో సుమారు 500 యూనిట్ల కరెంటు, క్యాంటీన్‌లో వంటకు కొంత గ్యాసు వచ్చాయి. గుజరాత్ ఆల్కలీస్ సంస్థ దహేజ్‌లో ఏడాదికి 10,000 టన్నుల హైడ్రజీన్ హైడ్రేట్ (మందులు, పురుగుమందుల తయారీలో వాడే రసాయనం) ప్లాంటును ఐఐసీటీ విధానంతోనే కట్టింది. అంతకుముందు ఆ రసాయనం కోసం మనం చాలావరకు దిగుమతుల మీదే ఆధారపడేవాళ్లం. తవుడు నూనెలోని జిగురును ఎంజైముతో తొలగించే ఐఐసీటీ ప్రక్రియను నూనె మిల్లులు తీసుకున్నాయి. ఇవన్నీ పేటెంట్ల జాబితాలో ఒక్కొక్క వరుసగా మాత్రమే కనిపిస్తాయి, ఎక్కడా వాడని పేటెంటు కూడా అదే జాబితాలో మరో వరుసే.

ఆ తేడా బయటపడడానికి చట్టంలోనే దారి ఉంది. పేటెంట్లు ఇవ్వడం ఆవిష్కరణలను ప్రోత్సహించడానికీ, అవి దేశంలో వాణిజ్య స్థాయిలో అమలు కావడానికీ అని పేటెంట్ల చట్టం 83వ సెక్షన్ చెబుతోంది. అమలు సంగతి తెలుపుతూ పేటెంటు పొందినవారు ఫారం 27 సమర్పించాలి. దురదృష్టవశాత్తు 2024 నాటి సవరణతో ఏటా ఇవ్వవలసిన ఆ వివరాన్ని మూడేళ్లకొకసారి ఇస్తే సరిపోతుందన్నారు. ప్రైవేటు కంపెనీల మాట ఎలా ఉన్నా, సీఎస్‌ఐఆర్ సంస్థలు ఈ వెసులుబాటును వాడుకోకూడదని నా అభిప్రాయం. ప్రతి పేటెంటు పక్కన దాన్ని ఎవరు తీసుకున్నారో, ఎంత పరిమాణంలో నడిపారో, పక్కన పెడితే ఎందుకు పెట్టారో రాసి, ఎవరైనా చూడగలిగేలా ఏటా ప్రకటించాలి. వాణిజ్య రహస్యాలు బయటపడతాయని కొందరు అభ్యంతరం చెప్పవచ్చు. కానీ విధానం స్పెసిఫికేషన్‌లో ఎలాగూ ప్రచురితమవుతుంది, ఆచరణలోని సూక్ష్మాలను ఎవరూ అడగడం లేదు, నడుస్తోందా లేదా అన్నది రహస్యం కాదు. నడవని ప్రక్రియల కారణాలు బయటికొస్తే, అదే చర్య మీద పనిచేస్తున్న తరువాతి పరిశోధకుడికి ఎన్నో నెలల శ్రమ తప్పుతుంది.

ఈ పోస్టు చదివేవారిలో ఆర్‌ఆర్‌ఎల్, ఐఐసీటీ విధానాలను ప్లాంటులో నడిపినవారు తప్పకుండా ఉంటారు. కంపెనీల పేర్లు చెప్పనక్కరలేదు. ఏ ప్రక్రియ ఎంత పరిమాణం దాకా వెళ్లింది, ఎక్కడ ఆగింది, ఆగడానికి కారణం చల్లదనమా, మలినమా, వ్యర్థాలా, డబ్బా అన్నది కింద రాయండి. వచ్చిన వివరాలన్నీ ఒకచోట చేర్చి, ఫారం 27లో ఉన్నవాటితో పోల్చి మరో పోస్టు రాస్తాను.