జాలి చూపులోని పెత్తనం

కథలో పీడిత పాత్ర కనబడితే చాలు, సబాల్టర్న్ (పెత్తనం కింద అణగారిన వ్యక్తి) అని ముద్ర కొట్టి పరిశోధనా పత్రం ముగించేయడం సాహిత్య విమర్శలో పరిపాటిగా మారింది. మొదటి పేరాలో సిద్ధాంతం, మధ్యలో కథాసారాంశం, చివర్లో మళ్లీ సిద్ధాంతం. రచయిత రాసిన వాక్యం జోలికి మాత్రం పోరు.

ఆ మాటకు ఈ అర్థం ఇచ్చిన ఇటలీ మార్క్సిస్టు ఆలోచనాపరుడు గ్రాంషీ అలా చదవలేదు. 1926లో ముస్సోలినీ ప్రభుత్వం అరెస్టు చేశాక, జైల్లో రాసుకున్న నోటు పుస్తకాల్లో ఆయన నవలల గురించి కూడా చర్చించాడు. ఇటలీ నెత్తిన పెట్టుకున్న రచయిత మంజోనీ నవలలో ఆయన పట్టుకున్న లోపం ఇదీ: అందులో బీదవాళ్లకు లోపలి జీవితం లేదు. మథనపడటం, తర్కించుకోవడం అన్నీ పెద్దమనుషుల వంతే. బీదల మీద రచయితకు దయ లేదని కాదు, ఉంది. అది జంతు సంరక్షణ సంఘం వారి దయలాంటిదని గ్రాంషీ ఎత్తిపొడిచాడు. గ్రాంషీ దృష్టిలో లాఠీతో మాత్రమే నడిచే పెత్తనం ఎంతోకాలం నిలవదు, కిందివాళ్ల సమ్మతి కూడా కావాలి. ‘లోకం తీరే అంత’ అనిపించే ఇలాంటి నవలలు ఆ సమ్మతిని సాఫీగా కూడగట్టిపెడతాయి. పాఠకుడు కన్నీళ్లు పెట్టుకుంటాడు కూడా.

చరిత్రకారుడు రణజిత్ గుహ 1987లో రాసిన వ్యాసం ఇంకో దారి చూపింది. 19వ శతాబ్దపు బెంగాల్‌లో గర్భం పోవడానికి తీసుకున్న మందు వికటించి చంద్ర అనే స్త్రీ చనిపోయింది. మిగిలింది ఆమె తల్లి, సోదరి తదితరుల వాంగ్మూలాల తునక. కోర్టు కాగితం వాటిని నేరాంగీకారంగా మార్చేసింది. గుహ అదే తునకలో, ఆమెను వెలి నుంచి కాపాడేందుకు చేతులు కలిపిన ఆడవాళ్లను చూశాడు. అయితే అణగారినవారి గొంతు నేరుగా మనకు వినబడుతోందనుకునే మేధావులను 1988లో ‘సబాల్టర్న్ మాట్లాడగలదా?’ అనే వ్యాసంలో విమర్శకురాలు గాయత్రీ స్పివాక్ హెచ్చరించింది. ఆ వ్యాసాన్ని శీర్షిక వరకే చదివి ఉటంకించేవారే ఎక్కువ, అది వేరే సంగతి.

ఏ పాత్రకు ఆలోచించే వాక్యాలు దక్కాయి, ఏ పాత్ర గురించి ఇతరులే చెబుతున్నారు అనేది పేజీ తెరిచి చూపమని పరిశోధనా పర్యవేక్షకులు పట్టుబట్టాలన్నది మా అభిప్రాయం. అదే చూపు పాఠ్యప్రణాళిక కమిటీల మీదా పడాలి. ‘రచనా శిల్పం చాలలేదు’ అంటూ పక్కన పెట్టిన పుస్తకాలు ఎవరివో, ఆ శిల్పానికి కొలత ఎవరు పెట్టారో పరిశోధించడానికి అనుమతి ఇచ్చే విభాగాలు ఎన్ని?