సవరణ: ఫైబర్ పూత ఓడ అడుగుకే, పక్కలకు కాదు

ఒకదానిపై ఒకటి గుండ్లు పేల్చుకుని ముంచుకునే రేడియో కంట్రోల్ బొమ్మ యుద్ధనౌకల గురించి పోయినసారి రాసినప్పుడు, మన తీరంలో ఫైబర్ బోట్లకు వాడే రెజిన్‌నే (ఆరితే గట్టిపడే జిగురు) ఓడకు పూయమన్నాను. అది అడుగుభాగానికీ, ఫ్రేముకీ మాత్రమే. ఒంగోలు కుర్రాళ్లు పక్కలకు కూడా దట్టంగా పట్టించబోతున్నారని తెలిసి ఈ వివరణ ఇస్తున్నాను.

ఈ ఆటలో పక్కలకు చిల్లు పడి తీరాలి. 1:144 స్కేలులో, అంటే అసలు ఓడలో 144వ వంతు సైజులో, 251 మీటర్ల జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ దాదాపు 174 సెంటీమీటర్లు వస్తుంది. అంత పెద్ద ఓడకైనా ‘ఫాస్ట్ గన్’ అనే ఆట నిబంధనల పద్ధతిలో పక్కలకు వేసేది 0.8 మిల్లీమీటర్ల బాల్సా అనే తేలికపాటి మెత్తటి చెక్కే. కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడితో దూసుకొచ్చిన చిన్న ఉక్కు గుండు టప్‌మని దూరుతుంది, చిల్లు అంచున చెక్క పీచులు లేస్తాయి. అందులోంచి వచ్చే నీళ్లను లోపలి పంపు తోడుతూనే ఉంటుంది. తోడలేకపోతే ఓడ మునుగుతుంది, పోరంటే అదే. పక్కలు గట్టిపడితే ఇక ఆటే లేదు.

రొయ్యల గుంటల్లో మాత్రం దయచేసి వద్దు. ఉప్పునీళ్లు మోటారును తినేస్తాయి, ఉక్కు గుండ్లు రైతు గుంటలో మిగిలిపోతాయి. నడుంలోతు మంచినీటి కుంట చాలు. ఒడ్డున చూసే పిల్లలతో సహా అందరికీ రక్షణ కళ్లద్దాలు ఉండాల్సిందే.