ఒకటే గ్రీన్‌హౌస్, ఇద్దరి కీరా

హీటర్ లేని చిన్న గ్రీన్‌హౌస్ ఒకటే ఉంది. అందులో కీరా వేస్తామనే వాళ్లు మాత్రం ఇద్దరు. వదిన సొంత విత్తనం దాచుకునే మనిషి, మరదలు ఏటా హైబ్రిడ్ ప్యాకెట్టు కొనే మనిషి. నాది మరదలి పక్షం, ముందే చెప్పేస్తున్నా. అందుకే ఇక్కడ ఆమె మాటలు కాస్త ఎక్కువగా ఉన్నాయి.

వదిన: ఆ ప్యాకెట్టులో గింజలెన్ని? ఐదు! ఐదు గింజలకు అంత డబ్బు పోశావు, రెండు మొలవకపోతే ఎవరిని అడుగుతావు? నా మార్కెట్‌మోర్ 76 రకం చూడు. ఒక్క కాయ తీగ మీదే పండనిస్తే వచ్చే ఏటికి నాకూ, అడిగినవాళ్లకీ సరిపోయే గింజ.

మరదలు: చల్లటి మట్టిలో వేస్తే ఏ గింజైనా కుళ్లుతుంది వదినా, నీదీ నాదీ అని చూడదు. ఇంట్లో చిన్న కుండీలో, 25 డిగ్రీల దగ్గర పెడితే 4, 5 రోజుల్లో మొలుస్తుంది.

వదిన: సరే, మొలిచిందే అనుకో. నా రకంలో లోపమేంటో చెప్పు.

మరదలు: లోపం రకంలో లేదు, దాన్ని పెట్టే చోట్లో ఉంది. నీ తీగకి ఆడపూతా మగపూతా రెండూ వస్తాయి కదా. ఆడపువ్వు వెనకాల సన్నటి నూగుతో బుల్లి కీరా ఉంటుంది, మగపువ్వుకి ఉత్త తొడిమే. ఆ మగపువ్వు పుప్పొడి ఇటు చేరితేనే నీ పిందె నిలుస్తుంది. చేర్చేది తేనెటీగ. చలి పొద్దున తలుపులు బిగించిన గ్రీన్‌హౌస్‌లోకి అదెందుకు వస్తుంది? పోయినేడు నీ పిందెలు చిటికెన వేలంత పెరిగి, కొస పసుపు తిరిగి, వరసగా రాలిపోలేదూ? నువ్వేమో ఎరువు చాలలేదని ఇంకో దోసెడు వేశావు. నా ప్యాకెట్టు రకం పసాండ్రా అలా కాదు, అన్నీ ఆడపువ్వులే, పుప్పొడితో పనే లేదు. పార్థినోకార్పిక్ అంటారు. తేనెటీగ వచ్చినా రాకపోయినా ప్రతి కణుపు దగ్గరా కాస్తుంది, లోపల గింజ ఉండదు. పైగా కాయ పొట్టిది, త్వరగా కోతకొస్తుంది, బూడిద తెగులుని కూడా కొంత తట్టుకుంటుంది. అసలు చిక్కేంటంటే, నీ తీగ పక్కనే ఉంటే నీ పుప్పొడి నా పువ్వుకి తగిలి నా కాయ గింజ కడుతుంది, కొస ఉబ్బి గదలా తయారవుతుంది, ఒక్కోసారి చేదెక్కుతుంది కూడా. రెండూ ఒకే కప్పు కింద కుదరవు.

వదిన: అంటే నీ తీగ కోసం నా తీగ పీకేయాలన్నమాట. బాగుందమ్మా! తేనెటీగ రాదంటావు, ఎండ ముదిరాక మధ్యాహ్నం గ్రీన్‌హౌస్‌లో 40 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు తలుపు మూసి ఉంచేదెవరు? తీస్తే అదే వస్తుంది. రాకపోతే ఒక మగపువ్వు తెంపి, రేకులు వలిచి, ఆడపువ్వు మధ్యలో తాకిస్తే సరి, అర నిమిషం పని. అయినా మగపూత అక్కర్లేని రకం కావాలంటే హైబ్రిడ్డే కొనాలా? ఇంగ్లండ్ వాళ్ల టెలిగ్రాఫ్ 19వ శతాబ్దం నాటిది, హైబ్రిడ్ కాదు, అదీ పుప్పొడి లేకుండానే కాస్తుంది.

(ఈ దెబ్బ గట్టిదే, మరదలు కాసేపు గొంతు సవరించుకుంది.)

మరదలు: కాస్తుంది, కాదనను. కానీ దానికి మగపూత వస్తుంది, రోజూ వెతికి తుంచాలి. రెండు రోజులు ఊరెళ్తే అంతే సంగతులు. పైగా అది పొడుగు కాయ, వెచ్చదనం బాగా కోరుతుంది.

వదిన: వెచ్చదనం మాట నువ్వే ఎత్తావు. మరి పోయినేడు నీ కార్మెన్ సంగతేంటి? అదీ హైబ్రిడ్డే, అదీ అన్నీ ఆడపువ్వులదే. మట్టి దగ్గర కాండం మెత్తబడి, పట్టుకుంటే చేతికి జిగురులా అంటింది. నాలుగు మొక్కల్లో మూడు పోయాయి. నా నాటు తీగ చక్కగా నిలబడింది.

మరదలు: అది నాటు తీగ కాదు వదినా, అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీవాళ్లు తయారుచేసి విడుదల చేసిన రకం. కార్మెన్ పోయింది నా తొందర వల్ల. రాత్రిళ్లు 8 డిగ్రీలకి పడుతుంటే నాటేశా, కాండం లోతుగా పూడ్చేశా, గొట్టంలోంచి వచ్చే చల్లటి నీళ్లు కాండం మొదలు దగ్గరే పోశా. అందుకే ఈసారి పొడుగు రకం మానేసి పొట్టిది తెచ్చా.

వదిన: రుచి సంగతో? నీ కాయ నీళ్లు తాగినట్టుంటుంది.

మరదలు: నీది చేదు.

వదిన: తల కోసి, ఆ ముక్కతో రుద్ది నురగ తీస్తే పోతుంది. నువ్వు రుద్దకుండా తింటావు.

మరదలు: నురగతో ఏం పోతుంది? చేదు ఎక్కువగా ఉండేది తొడిమ వైపూ, తొక్క కిందా. నువ్వు తల కోసినప్పుడే సగం పోయింది, రుద్దడం ఊరికే.

వదిన: మా అమ్మ రుద్దేది, మీ అమ్మా రుద్దేది! ఇద్దరికీ తెలియనిది నీకు తెలిసిందా?

మరదలు: అమ్మల్ని లాగకు వదినా. చేదు ముందు తీగలోనే పుడుతుంది, ఒకరోజు ఎండబెట్టి మర్నాడు ముంచేస్తే ఇంకా ఎక్కువవుతుంది. నువ్వు చేసేది అదే.

వదిన: నీళ్లు పోసే వంతు పోయినేడు నీది.

(ఇద్దరూ కాసేపు మాట్లాడుకోలేదు. ఆ వంతు ఎవరిదో నాకు తెలుసు, చెప్పను.)

మరదలు: నీ మార్కెట్‌మోర్ ఆరుబయట రకం కదా. మొజాయిక్ వైరస్‌ని తట్టుకుంటుందనీ నువ్వే అంటావు. దాన్ని ఎండ తగిలే గోడ పక్కన పందిరి మీదకి పాకిస్తే తేనెటీగలు వాటంతటవే వస్తాయి, గింజా నీకే. గ్రీన్‌హౌస్ నాకొదిలేయ్, తేనెటీగ నీ పుప్పొడి తేకుండా తలుపుకి దోమతెర కట్టుకుంటా. ఒక్కో మొక్కకి ఒక్కో తాడు, కింది నాలుగైదు కణుపుల్లో పిందెలు గిల్లేస్తా, పక్క కొమ్మలు తుంచుతా.

వదిన: బయట చలి తగ్గేదాకా నాకు కాపు ఉండదు. అప్పటికి నీకు బుట్ట నిండుతుంది.

మరదలు: మొదటి బుట్ట నీకే.

వదిన: బుట్ట సరే. నాటేదెప్పుడు?

మరదలు: రాత్రి 12 డిగ్రీలకి తగ్గకుండా వారం గడిచాక.

వదిన: అయితే థర్మామీటరు నా దగ్గరుంటుంది. నేను చెప్పేదాకా ఒక్క మొక్క కూడా లోపల పెట్టకు.