అమ్మ కేసు ఫైలు ఎవరు పట్టుకోవాలి

ఇండియాలో, ఊళ్లో ఒంటరిగా ఉంటున్న అమ్మనో నాన్ననో ఎవరో చంపేశారని రాత్రికి రాత్రి ఫోన్ వస్తుంది. తెల్లారేసరికి ఇక్కడ విదేశంలో ఉన్న మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులన్నీ కదులుతాయి. టికెట్ ఎవరు తీస్తారు, పిల్లల్ని ఎవరు చూసుకుంటారు, ఎయిర్‌పోర్టుకి ఎవరు దింపుతారు అన్నవి గంటలో తేలిపోతాయి. ఈ పని మనకు బాగా వచ్చు. తిరిగొచ్చాక ఒక సంతాప సభ పెడతాం, నెల రోజులు ఇంటికి భోజనం పంపుతాం. ఆ తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు పడిపోతాం. కేసు మాత్రం అప్పటికి ఇంకా ఎఫ్‌ఐఆర్ దగ్గరే ఉంటుంది. అది ఏళ్లు నడుస్తుంది.

ఆ ఏళ్లలో చెయ్యాల్సిన సాయం గురించి సంఘాలు ఆలోచించడం లేదు. తల్లినో తండ్రినో హత్యలో పోగొట్టుకున్న బిడ్డ ఒక్కరి చేతిలోనే కేసు ఫైలు ఉండకూడదని, దాన్ని పట్టుకునే రెండో మనిషిని సంఘమే కూర్చోబెట్టాలని మేము గట్టిగా నమ్ముతున్నాం. డబ్బు సాయం కంటే ఇది పెద్దది. ఎందుకో వివరంగా చెప్పాలి.

మొదటి రెండు వారాలతోనే మొదలుపెడదాం. శవం గడప దాటగానే ఇల్లు కడగడం మన ఆచారం. ఎవరూ చెప్పకుండానే ఏ పిన్నో, మేనత్తో బకెట్ అందుకుంటుంది. హత్య జరిగిన ఇంట్లో ఆ బకెట్ నీళ్లతో పోయేది మైల ఒక్కటే కాదు. గచ్చు మీది అడుగుజాడ, బీరువా పిడి మీది వేలిముద్ర, వచ్చినవాడికి అమ్మ మంచినీళ్లిచ్చిన గ్లాసు అంచు, అన్నీ పోతాయి. తెలిసినవాడు చేసిన పనైతే ఆ గ్లాసే కేసు మొత్తానికీ కీలకం కావచ్చు. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వచ్చి ఆధారాలు సేకరించాలని, దాన్ని వీడియో తీయించాలని కొత్త చట్టం, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 176వ సెక్షన్‌లో చెబుతోంది. దీన్ని తప్పనిసరిగా అమలు చెయ్యడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల దాకా వెసులుబాటు ఉంది కాబట్టి దానంతటదే జరుగుతుందని ఊరుకోకూడదు. ఆధారాలు సేకరించే క్లూస్ టీం వచ్చిందా, వీడియో తీశారా అని అడగాలి. దర్యాప్తు అధికారి సరేనన్నాకే, వీలైతే ఒక మెసేజ్ రూపంలో ఆ మాట తీసుకున్నాకే ఇల్లు కడగాలి. విమానంలో ఉన్న కొడుకు ఈ మాట చెప్పలేడు. ఇక్కడి నుంచి ఇంకెవరో ఫోన్ చేసి అక్కడి పెద్దవాళ్లకు నెమ్మదిగా, మర్యాదగా చెప్పాలి.

పోస్టుమార్టం విషయంలోనూ అంతే. సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్టుమార్టం చెయ్యొచ్చని 2021 నవంబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ అనుమతించింది గానీ, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప హత్య కేసులకు అది వర్తించదు. అందుకే సాయంత్రం దొరికిన శవం సాధారణంగా మర్నాటి దాకా ఆసుపత్రిలోనే ఉంటుంది. దానికి ఎవరినీ నిందించనక్కర్లేదు, ఎవరికీ డబ్బులు ఇవ్వనక్కర్లేదు. దహనం చేశాక మాత్రం రెండోసారి పరీక్షకు తావుండదు. గాయాల గురించి, విషం గురించి ఏ అనుమానమున్నా చితి పేర్చకముందే దర్యాప్తు అధికారికి రాసివ్వాలి.

పక్కింటి సీసీ కెమెరా మరొకటి. రికార్డు చేసే పెట్టెలో చోటు నిండగానే పాత దృశ్యాల మీదే కొత్తవి పడిపోతాయి. చాలా ఇళ్లలో రెండు మూడు వారాలు దాటితే ఏమీ మిగలదు. దినకర్మలు అయ్యాక చూద్దామనుకుంటే అప్పటికే ఆలస్యం. ఫోన్‌తో ఆ తెరను వీడియో తీసి దాచుకుంటే కోర్టులో నిలవదు. ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు చట్టం కోరే సర్టిఫికెట్ ఉండాలి. కాబట్టి ఏ ఇంటి కెమెరా ఏ దిక్కుకి చూస్తోందో చిన్న పటం గీసి పోలీసులకు ఇవ్వడం మన పని, పెట్టెను స్వాధీనం చేసుకోవడం వాళ్ల పని.

ఇక నగలు. ఒంటరిగా ఉన్న ముసలమ్మని చంపిన కేసుల్లో బంగారం కోసం జరిగినవి ఎన్నో. పుస్తెలతాడు పోయింది, నాలుగు గాజులు పోయాయి అని ఫిర్యాదులో రాస్తే చాలదు. తాడు ఎన్ని కాసులు, అల్లిక ఏ రకం, గాజు మీద ఎక్కడ సొట్ట ఉంది, సూత్రాల పక్కన పగడాలు ఎన్ని, ఇవి కావాలి. దొంగ దగ్గర దొరికిన తాడు అమ్మదేనని రేపు సాక్షి బోనులో నిలబడి చెప్పాల్సింది కూతురే. అలాంటివే మరికొన్ని కలిపి పెట్టి గుర్తుపట్టమనొచ్చు కూడా. మనవరాలి ఓణీల ఫంక్షన్ ఆల్బమ్‌లో అమ్మ మెడ స్పష్టంగా కనిపించే ఫొటో ఒకటి ఉంటుంది. నగల దుకాణం రసీదు బీరువా అడుగున ఉండొచ్చు. ఆ వారంలోనే వెతకాలి. మనం సంఘంలో ప్రతి కుటుంబానికీ ఇప్పుడే చెప్పాల్సిన మాట కూడా ఒకటుంది: ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మానాన్నల ఒంటి మీద ఉండే నగలకు దగ్గర నుంచి ఫొటోలు తీసి, బరువులు రాసి పెట్టుకోండి. అడగడానికి మనసొప్పదు, నిజమే. భద్రత కోసమని చెప్పి తీయండి.

ఫిర్యాదు సాధారణంగా అక్కడున్న బాబాయో, పక్కింటాయనో ఇస్తారు. ఏడుస్తూ, హడావిడిలో రాసిన కాగితం అది. అందులో లేని పేరు, లేని వస్తువు తర్వాత వాంగ్మూలంలో వస్తే, ఇది తరవాత అల్లిన కథ అని నిందితుడి వకీలు అంటాడు. కాబట్టి ఎఫ్‌ఐఆర్ నకలు తెప్పించుకుని వెంటనే చదవాలి. నకలు ఉచితంగా ఇవ్వాలని నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షనే చెబుతోంది. తప్పిపోయినవి ఉంటే మొదటి వారంలోనే దర్యాప్తు అధికారికి చెప్పి వాంగ్మూలంలో చేర్పించాలి. 2024 జులై 1కి ముందు జరిగిన హత్య అయితే ఐపీసీ 302, ఆ తర్వాతదైతే భారతీయ న్యాయ సంహిత 103. ఎఫ్‌ఐఆర్‌లో ఆ సెక్షన్ ఉందా లేదా చూడాలి. అనుమానాస్పద మృతిగా నమోదై ఉంటే, సెక్షన్ ఎప్పుడు మారుస్తారని అడుగుతూనే ఉండాలి.

పోలీసులు ప్రెస్ మీట్ పెట్టి, ముసుగులు వేసిన ఇద్దర్ని నిలబెట్టి, నేరం ఒప్పుకున్నారని ప్రకటించిన రోజు కుటుంబం ఊపిరి పీల్చుకుంటుంది. అక్కడ చాలామంది మోసపోతారు. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యం కాదు. ఆ మాట వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, బయటపడిన మేరకే అది పనికొస్తుంది. కత్తి ఎక్కడ దొరికింది, తాడు ఏ తాకట్టు కొట్టులో దొరికింది, అప్పుడు మధ్యవర్తులుగా, అంటే స్వాధీనానికి సాక్షులుగా సంతకం పెట్టిందెవరు అన్నదాని మీదే కేసు నిలుస్తుంది. పగతో, బాధతో నిందితుడి ఫొటోను గ్రూపుల్లో తిప్పడం అంతకంటే పెద్ద పొరపాటు. వాణ్ణి ఆ సాయంత్రం వీధిలో చూసిన సాక్షి ఉంటే, జైల్లో గుర్తింపు పరేడ్, అంటే కొందరి మధ్య నిలబెట్టి వాణ్ణి గుర్తుపట్టమనడం, జరగాలి. ఫొటో ముందే చూసేశాడని తేలితే ఆ గుర్తింపుకు విలువ పోతుంది. ఈ ఒక్క విషయంలో సంఘం తన గ్రూపులను తనే అదుపు చేసుకోవాలి.

ఈ దశలో చూసుకోవాల్సిన గడువు తొంభై రోజులు. హత్య కేసులో అరెస్టయి రిమాండ్‌లో ఉన్నవాడి మీద 90 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే వాడికి బెయిల్ హక్కుగా వస్తుంది. అందుకే రిమాండ్ తేదీ నుంచి లెక్కపెట్టి, డెబ్బయ్యో రోజున ఫోరెన్సిక్ రిపోర్టు వచ్చిందా అని అడగాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు తెలియజేయాలని నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్ పోలీసులకే బాధ్యత పెట్టింది. ఫోన్ ద్వారా, ఈమెయిల్ ద్వారా కూడా తెలపొచ్చు కాబట్టి దేశంలో లేరన్న సాకు చెల్లదు.

ఆ తర్వాత కేసు నంబర్లు మారతాయి. స్టేషన్‌లో క్రైమ్ నంబర్, మేజిస్ట్రేట్ కోర్టులో పీఆర్‌సీ నంబర్, సెషన్స్ కోర్టుకు కేసు పంపాక (కమిట్ అయ్యాక) ఎస్‌సీ, అంటే సెషన్స్ కేసు నంబర్. మొదటి నంబరే పట్టుకుని ఏడాది పాటు వెతికి, కేసు కనపడటం లేదని బెంగపడేవాళ్లు ఉంటారు. ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసుకు కోర్టు ఇచ్చే పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబర్ వేస్తే తర్వాతి వాయిదా కనిపిస్తుంది. ఆ వాయిదాలను చూసే పని బిడ్డది కాకూడదు. హైదరాబాద్‌లో ఉదయం పదిన్నరకు కోర్టు మొదలైతే న్యూజెర్సీలో చలికాలంలో అర్ధరాత్రి, వేసవిలో ఒంటిగంట. జడ్జిగారు సెలవు, సాక్షి రాలేదు, నిందితుణ్ణి జైలు నుంచి తేలేదు అని చదివి, తెల్లారి ఆఫీసుకు వెళ్లడం నెలకోసారి జరుగుతుంది. ఒక్కో వాయిదా రాత్రీ ఆ మొదటి ఫోన్ రాత్రే మళ్లీ వచ్చినట్టు ఉంటుంది. రెండో మనిషి చూసి, ఏదైనా జరిగితేనే చెప్పాలి. ఎప్పుడు చెప్పాలో, ఎంత చెప్పాలో ముందే మాట్లాడుకోవాలి.

కాగితాలు చదవడమూ అంతే. శవాన్ని చూసి పోలీసులు రాసే శవ పంచనామా నకలులో అమ్మ ఉండదు, మృతురాలు ఉంటుంది. మృతురాలి ఒంటి మీద నీలం అంచు నేత చీర, ఎడమ కాలికి మెట్టె, జుట్టు ముడి ఊడి ఉన్నది అని వరసగా రాసుకుపోతారు. ఆ చీర కూతురు కొనిచ్చిందే కావచ్చు. పోస్టుమార్టం రిపోర్టును, ఫొటోలను ముందుగా వకీలూ, సంఘంలోని ఒక డాక్టరూ చూసి, బిడ్డ అడిగినవాటికి మాత్రం నిజం చెప్పాలి. ఎక్కువమంది అడిగేది ఒక్కటే: ఎంతసేపు బాధపడింది? చూడనివాళ్ల ఊహ చూసినవాళ్ల జ్ఞాపకం కంటే ఘోరంగా తిరుగుతుంది. కాబట్టి దాచిపెట్టడం దయ కాదు. అలాగని ఒంటరిగా రాత్రిపూట పీడీఎఫ్ తెరిచే పరిస్థితీ రానివ్వకూడదు. నిద్ర, తిండి, పని ఏవీ కుదుటపడక ఏడాది దాటుతుంటే అది మనోబలం లేకపోవడం కాదు. దీర్ఘకాలిక శోకాన్ని అమెరికా మానసిక వైద్యుల పుస్తకం 2022లో ఒక రుగ్మతగా చేర్చింది. దానికి చికిత్స ఉంది. అందులో పనిచేసినవాళ్ల దగ్గరికి పంపాలి.

ఒక మాట మాత్రం మనలో ఎవరూ అనకూడదని కోరుతున్నాం. "కేసు గెలిస్తే మాత్రం పోయినవాళ్లు తిరిగొస్తారా?" ఈ మాట ఓదార్పుగానే అంటారు. కానీ ఊళ్లో నిందితుడి తరఫు పెద్దమనుషులు కూడా సరిగ్గా ఇదే మాటతో వస్తారు. హత్య కేసు చట్టప్రకారం రాజీ అయ్యేది కాదు. రాజీ అంటే అక్కడ జరిగేది సాక్షులు ఎదురు తిరగడం. చూసిన పాలవాడు చూడలేదంటాడు, సంతకం పెట్టిన మధ్యవర్తి ఖాళీ కాగితం మీద పెట్టానంటాడు. సాక్షికి బెదిరింపు ఉంటే 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా స్థాయిలో దరఖాస్తు పెట్టొచ్చు. అంతకంటే ముందు, ఆ పాలవాణ్ణి కుటుంబం మరిచిపోకూడదు. ఊరెళ్లినప్పుడు పలకరించాలి, సమన్లు వచ్చిన రోజు తోడుగా మనిషిని పంపాలి. ఏం చెప్పాలో మాత్రం నేర్పకూడదు.

విదేశంలో ఉన్న బిడ్డకు కోర్టులో చోటుంది. బాధితుడు అన్న మాటలో చట్టపరమైన వారసులూ వస్తారు. దర్యాప్తు నుంచి అప్పీలు దాకా ప్రతి దశలో బాధితుల మాట వినాలని 2022లో లఖింపూర్ ఖేరీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు అనుమతితో సొంత వకీలును పెట్టుకుని పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు సాయం చేయించవచ్చు. సాక్ష్యం వీడియోలో, ఇండియన్ కాన్సులేట్ నుంచి చెప్పే వీలుంది, వకీలు ముందే పిటిషన్ వెయ్యాలి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇచ్చిన బావగారు ఆస్తి పనులు చూడగలరు, మీ బదులు సాక్ష్యం చెప్పలేరు. ఆ జీపీఏకి కూడా భారతదేశానికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. నిందితుడు రక్తసంబంధీకుడే అయితే హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్ గుర్తుంచుకోవాలి. చంపినవాడికి చనిపోయినవాళ్ల ఆస్తిలో వాటా రాదు.

పరిహారం అడగడానికి చాలామంది వెనకాడతారు, అమ్మ ప్రాణానికి వెల కట్టినట్టుంటుందని. అది ప్రభుత్వం కాపాడలేకపోయినందుకు ఒప్పుకోలు అనుకోండి. ఆమె మీద ఆధారపడి బతికినవాళ్ల కోసం నాగరిక్ సురక్షా సంహిత 396వ సెక్షన్ కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టాలి. హంతకుడు దొరక్కపోయినా పెట్టొచ్చు. దొరకలేదని పోలీసులు కేసు మూసేయబోతే మేజిస్ట్రేట్ ఫిర్యాదుదారుకు నోటీసిచ్చి వినాలి. ఆ నోటీసు పాత చిరునామాకు పోయి తిరిగొస్తుంటుంది, కాబట్టి స్టేషన్‌లో, కోర్టులో అందుబాటులో ఉండే చిరునామా ఇవ్వాలి.

నిర్దోషి అని తీర్పు వస్తే అప్పీలు చేసే హక్కు బాధితులకు 2009 చివరి నుంచి ఉంది. ప్రభుత్వం వెళ్తుందేమోనని ఎదురుచూడక్కర్లేదు. తీర్పు వచ్చిన రోజే సర్టిఫైడ్ నకలుకు దరఖాస్తు పెట్టాలి. శిక్ష పడినా ఆ రోజు ఇంట్లో పండగలా ఉండదు. ఇన్నాళ్లూ కేసు వెనక దాగి ఉన్న దుఃఖం అప్పుడు బయటికొస్తుంది. భోజనాలు పంపాల్సింది ఆ వారం కూడా.

తీర్పులో చివరి పేరా తప్పకుండా చదవండి. స్వాధీనం చేసుకున్న వస్తువులకు ఎం.ఓ. (మెటీరియల్ ఆబ్జెక్ట్) 1, ఎం.ఓ. 2 అని నంబర్లుంటాయి. బంగారం ఎవరికివ్వాలో అక్కడ రాస్తారు. విలువ లేనివాటిని అప్పీలు గడువు ముగిశాక ధ్వంసం చెయ్యమని కూడా అక్కడే రాస్తారు. ఆ విలువ లేనివాటిలో అమ్మ కళ్లజోడు ఉండొచ్చు, పాల లెక్క రాసుకున్న నోటుపుస్తకం ఉండొచ్చు. అవి కావాలనుకుంటే వాదనలు ముగియకముందే, నంబర్లతో సహా, మాకు ఇప్పించండని పిటిషన్ వెయ్యాలి.