గేరుబాక్సు గారి పదవీ విరమణపై ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ అయిదు గేర్ల గేరుబాక్సు గారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. తమరి క్షేమ సమాచారాలు ప్రత్యేకంగా అడగాల్సిన పని లేదు. పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగుతూ మూడు నుంచి రెండుకు మార్చినప్పుడల్లా తమరు పెట్టే ‘గర్ర్’ కేక పక్క ఆటోలో కూర్చున్నవాళ్లకూ అందుతూనే ఉంది.

తమరి పదవీ విరమణ మీద ఊరంతా తీర్పులే. బండి షెడ్డు ముందు ఆగీ ఆగకముందే “బాక్స్ పోయింది సార్, మార్చుడే” అనే మేస్త్రి ఒకరు. “ఏం గాదన్నా, ఇంక రెండేండ్లు నడుస్తది” అనే క్యాబ్ డ్రైవర్ ఒకరు. ఇద్దరిలో ఎవరూ తమరి నూనె చుక్క వేలితో తాకి చూసిన పాపాన పోలేదు. తమరికి సర్వీసు పొడిగింపు ఇవ్వాలా, ఆటోనగర్ నుంచి డెప్యుటేషన్ మీద ఇంకొకరిని రప్పించాలా అన్నది కేక గట్టిదనాన్ని బట్టి కాదు, లోపల అరిగింది ఏదన్నదాన్ని బట్టి తేలాలని మా మనవి.

ముందు, తమరి మీద పడ్డ దొంగ కేసులు కొట్టేద్దాం. మొదటిది క్లచ్ చేసిన నేరం. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు అన్ని గేర్లూ మెత్తగా పడి, స్టార్ట్ చేశాక మొరాయిస్తే, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టే. పెడల్ పూర్తిగా తొక్కినా క్లచ్ పూర్తిగా వదలడం లేదన్నమాట. బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో ఇంజన్ నడుస్తుండగా పెడల్ అడుగంటా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి రివర్స్ వేస్తే రుజువు దొరుకుతుంది. అప్పుడూ గీరుకుందంటే, ఇంజన్ శక్తిని లోపలికి తెచ్చే తమరి ఇన్‌పుట్ షాఫ్ట్‌ను క్లచ్ ఇంకా తిప్పుతూనే ఉంది. కేబుల్ బండైతే కేబుల్ సాగిందేమో, హైడ్రాలిక్ అయితే క్లచ్‌ను నెట్టే స్లేవ్ సిలిండర్ కారుతోందో లైనులో గాలి చేరిందో చూడాలి. ఆగకుండా వేసినప్పుడు మాత్రమే రివర్స్ గీరుకుంటే అసలు కేసే లేదు. మన చిన్న కార్లు చాలావాటిలో రివర్స్‌కు సింక్రో రింగే (గేరు పడేముందు వేగాలు కలిపే ఇత్తడి రింగు) ఉండదు. లేని రింగు అరిగిందని తమరిని దించిన ప్రబుద్ధులూ ఈ ఊళ్లో ఉన్నారు.

రెండో కేసు గేరు రాడ్డుది. రాడ్డు ఏ గేరులో ఉందో దానికే తెలియనట్టు ఊగుతుంటే, ముందు చూడాల్సింది రాడ్డును బాక్సుకు కలిపే లింకేజీ చివర ఉండే ప్లాస్టిక్ బుష్ (తొడుగు). అది పొడై రాలిపోతే లోపల గేరును ఎంచే సెలెక్టర్ పూర్తి దూరం కదలదు, గేరు సగమే పడుతుంది, గుంత రాగానే జారిపోతుంది. ఇంజన్ మౌంటు (ఇంజన్ కింది రబ్బరు దిమ్మ) చిరిగినా ఇదే నాటకం. బాక్సు దించాక బుష్ దొరికితే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. ఎలుక ఖరీదు ఎంతైనా కొండ తవ్విన కూలీ మాత్రం ఇవ్వాలి.

మూడోది నూనె. చిన్న కార్లలో తమరి కడుపు పట్టేది రెండు లీటర్లకు అటూఇటూ. ఇంజన్ ఆయిల్‌కు స్టిక్కర్ అంటించి తేదీ రాసుకునే యజమానులు, తమరికీ ఆయిల్ ఉంటుందన్న సంగతి అది నేల మీద మరక అయ్యాకే తెలుసుకుంటారు. మార్చేటప్పుడు ముందు విప్పాల్సింది నింపే ప్లగ్గు, కింది డ్రెయిన్ ప్లగ్గు కాదు. ఉన్న నూనెంతా కార్చేశాక నింపే ప్లగ్గు బిగుసుకుపోయి రాకపోతే బండి అక్కడే కూర్చుంటుంది. కొత్త నూనె పోసేటప్పుడు బండి సమంగా ఉండాలి. నింపే రంధ్రం అంచు దాకా వచ్చి, బొట్టు బయటికి కారితే చాలు. గ్రేడు మాన్యువల్ చెప్పిందే వాడాలి. జీఎల్-4 అడిగిన చోట “జీఎల్-5 ఇంకా పవర్‌ఫుల్ సార్” అని పోస్తే, అందులో ఎక్కువగా ఉండే గంధకం మందులు కొన్ని ఇత్తడి రింగులను తింటాయి. పైగా రింగుకు కావాల్సింది పట్టు, జారుడు కాదు.

పాత నూనెను తెల్ల ట్రేలోకి కారిస్తే తమరి అంతరంగం బయటపడుతుంది. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి బూడిదరంగు మెత్తని పేస్టు ఉంటే వయసు లక్షణం, కంగారు లేదు. బంగారు మెరుపు తేలుతుంటే రింగులు. గోటికి గుచ్చుకునే ఉక్కు ముక్కలు ఉంటే పళ్లో బేరింగులో, అప్పుడు సంప్రదింపులు అనవసరం, బాక్సు దించాల్సిందే. నూనె పాల రంగుకు తిరిగితే నీళ్లు చేరాయి. 2020 అక్టోబరు వరదలో సెల్లార్లలో మునిగిన బండ్లకు ఇంజన్ శుభ్రం చేయించి, తమరిని మరిచిపోయినవాళ్లున్నారు. గాలి ఆడే బ్రీదర్ రంధ్రం గుండా దూరిన నీరు తాపీగా బేరింగులను తుప్పు పట్టిస్తుంది. అలాంటప్పుడు నూనె ఒకసారి మార్చి, కొద్ది దూరం నడిపి, మళ్లీ మార్చాలి.

ఇక అసలు నేరాలు. న్యూట్రల్‌లో ఇంజన్ ఊరికే నడుస్తున్నప్పుడు గుర్రుమని, క్లచ్ తొక్కగానే ఆగితే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగు. తొక్కినప్పుడే మొదలైతే క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగు, అది తమరి శాఖ కాదు. ఒక్క గేరులోనే ఊళ వేస్తే ఆ గేరు జత. న్యూట్రల్‌లో దొర్లుతున్నా హోరు బండి వేగంతోపాటు పెరిగితే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తి పంచే భాగం) బేరింగో, చక్రం బేరింగో. చక్రాన్ని జాకీ మీద ఎత్తి చేత్తో తిప్పి ముందు దాన్ని తేల్చుకోవచ్చు.

జనం తలకిందులు చేసేది ఇక్కడే. గీరుడు పక్కవాళ్లకు వినబడుతుంది గనుక అది పరువు సమస్య, వెంటనే షెడ్డుకు పరుగు. హోరుకు మాత్రం పాటల సౌండ్ పెంచుతారు. నిజానికి కొన్నాళ్లు వాయిదా వేయగలిగింది గీరుడే. మూడు నుంచి న్యూట్రల్‌కు తెచ్చి, పెడల్ వదిలి, యాక్సిలరేటర్ కాస్త తాకించి, మళ్లీ తొక్కి రెండు వేస్తే గీరుడు మాయమవుతుందా? అయితే అరిగింది రింగే. అలా డబుల్ క్లచ్‌తో కొన్ని నెలలు నెట్టుకురావచ్చు. బేరింగు హోరుకు ఆ సావకాశం లేదు. షాఫ్ట్ పక్కకు వాలుతుంది, పళ్లు అంచుల మీద తాకుతాయి, రెండు బేరింగులతో పోయే పని గేరు జతల దాకా, కేసు (బాక్సు బయటి డొల్ల) దాకా పాకుతుంది.

బాక్సు దించాక, మహాప్రభో, తమరి పరువు ఒక ఇత్తడి రింగు మీద ఆధారపడి ఉంటుంది. దాని లోపలి గోడకు సన్నని గీతలుంటాయి, నట్టు లోపలి మరల్లాగా. కోన్ (గేరు పక్కన రింగు కూర్చునే ఏటవాలు భాగం) మీది నూనె పొరను కోసి పట్టు దొరకబుచ్చుకునేది అవే. రింగును కోన్ మీద పెట్టి వేళ్లతో నొక్కి తిప్పాలి. పట్టుకుంటే బతికే ఉంది, జారితే అయిపోయింది. రింగుకూ గేరుకూ మధ్య సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి, చుట్టూ మూడు చోట్ల కొలవాలి. కొత్తగా ఉన్నప్పుడు మిల్లీమీటరు చుట్టూ ఉండే సందు అర మిల్లీమీటరుకు వస్తే చాలా మాన్యువల్స్ రింగు మార్చేయమంటాయి. కచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్లోదే తీసుకోవాలి. అరిగేకొద్దీ సందు పెరుగుతుందనుకునేవాళ్లు ఎక్కువ. తగ్గుతుంది, ఎందుకంటే రింగు కోన్ మీద ఇంకా లోపలికి కూర్చుంటుంది.

రింగు ఒక్కటే మార్చి మూసేయడం ఈ వృత్తిలో మామూలు పాపం. దాని పక్కనే స్లీవ్ (జరిగి గేరును పట్టుకునే తొడుగు) లోపలి పళ్ల మొనలు, అవి పట్టే గేరు మీది చిన్న డాగ్ పళ్లు చూడాలి. మొనలు గుండ్రబడితే కొత్త రింగు వేసినా గేరు జారుతుంది. స్లీవ్‌ను జరిపే ఫోర్కు అంచులు, గేరును పడ్డచోట నిలిపే డిటెంట్ బాల్, స్ప్రింగు కూడా అప్పుడే చూడాలి. స్లీవ్‌ను తిరగేసి బిగించినవాళ్లు, పాత సర్‌క్లిప్‌ను పెద్ద మనసుతో మళ్లీ వాడినవాళ్లు తమరికి కొత్త కాదు. కొత్త బేరింగును షాఫ్ట్ మీదికి ఎక్కించేటప్పుడు ఒత్తిడి లోపలి రేసు (బాల్స్ దొర్లే వలయం) మీదే పడాలి. బయటి రేసును సుత్తితో బాదితే బాల్స్ దారిలో సొట్టలు పడి, రాణీగంజ్‌లో కొన్న కొత్త బేరింగు మొదటి రోజే పాతదవుతుంది.

ఇప్పుడు పొడిగింపు సంగతి. అరిగినవి రింగులు, బేరింగులు, సీళ్లు, ఒక హబ్బు (స్లీవ్ కూర్చునే చక్రం) అయితే మా ఓటు రిపేరుకే. షాఫ్టుల మీద బేరింగు కూర్చునే చోటు, గేరు పళ్లు, కేసు బాగుంటే తమరు ఇంకా చాలా దూరం పోతారు. గేరు జత పోతే లెక్క మారుతుంది, ఎందుకంటే జతలో ఒక్కటే మారిస్తే కొత్త పన్ను పాత పన్నుతో కలవక ఊళ వేస్తుంది. బేరింగు బయటి రేసు అల్యూమినియం కేసులోనే తిరిగి రంధ్రం పెద్దదైతే, సెంటర్ పంచ్‌తో చుట్టూ చుక్కలు కొట్టి బిగించే వైద్యం ఉంది. కొన్నాళ్లు ఆగుతుంది, తర్వాత అదే హోరు. బాలానగర్‌లో బోరింగ్ చేయించి బుష్ వేయించవచ్చు గానీ షాఫ్ట్ సెంటరు తప్పితే ఖర్చు వృథా. గేరు జత, కేసు రెండూ పోతే వీడ్కోలు సభ పెట్టేయడమే మంచిది.

దించి ఎక్కించే లేబర్ ఏ దారికైనా ఒక్కటేనని మరిచిపోవద్దు. అందుకే సెకండ్‌హ్యాండ్ బాక్సు చవక అనేది సగం మాట. అది పోతే అదే లేబర్ రెండోసారి. మాయాపురి (ఢిల్లీలోని పాత విడిభాగాల మార్కెట్) సరుకు అని చెప్పే బాక్సుకు దుకాణం ఇచ్చేది టెస్టింగ్ గ్యారంటీ, అంటే బిగించి చూసేదాకానే. కొనేముందు ఛాసిస్ నంబరుతో మోడల్, వేరియంట్ సరిచూడాలి. పేరు అదే అయినా ఫైనల్ డ్రైవ్ రేషియో (చక్రాలకు ముందున్న చివరి గేర్ల నిష్పత్తి) వేరుగా ఉండొచ్చు. ఇంజన్‌కు బిగించే పెట్రోల్ బెల్ హౌసింగ్ డీజిల్‌కు కూర్చోకపోవచ్చు. ఇన్‌పుట్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పుతూ ఒక్కో గేరూ వేసి చూడాలి, పైకీ కిందికీ ఊపి వదులుందేమో చూడాలి, డ్రెయిన్ ప్లగ్గు విప్పించాలి. విప్పడానికి ఒప్పుకోని దుకాణం నుంచి ఊరికే ఇచ్చినా తెచ్చుకోవద్దు. బిగించేముందు ఇన్‌పుట్ సీలు, డ్రైవ్‌షాఫ్ట్ సీళ్లు కొత్తవి వేయాలి. ఏ దారి పట్టినా క్లచ్ సెట్టు, ఇంజన్ క్రాంక్ వెనక సీలు అప్పుడే చూడాలి, మళ్లీ అంత దగ్గరగా దొరకవు. బండికి 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు దగ్గర పడుతుంటే, ఫిట్‌నెస్ ఖర్చు కూడా కలిపి చూడకుండా కొత్త బాక్సు ఆర్డర్ పెట్టడం మాత్రం దానధర్మాల కిందికి వస్తుంది.

యజమాని గారికి ఈ లేఖ నకలు పంపుతున్నాం. సిగ్నల్ దగ్గర ఎడమ చేయి గేరు రాడ్డు మీద పెట్టి సేదదీరడం ఆయన అలవాటు. ఆ బరువు ఫోర్కును తిరిగే స్లీవ్‌కేసి నొక్కుతుంది. చేతికి స్టీరింగ్ ఉంది, ఒడి ఉంది.

ఇట్లు,
తమరి కింద పడుకునేవాళ్లం

తా.క.: రిపేరు అయ్యాక పోసిన మొదటి నూనెను వెయ్యి కిలోమీటర్లకు తీసేసి కొత్తది పోయించమని చెప్పండి. కొత్త రింగులు కూర్చునేటప్పుడు రాలే పొడి అందులో వస్తుంది, అయస్కాంతం ఇత్తడిని పట్టదు. బిల్లులో నూనె గ్రేడు రాయించుకోమనండి.