సవరణ: పున్నమి నాడు శ్రీలంక బౌద్ధాలయాలు తెరిచే ఉంటాయి

కోనసీమ నుంచి శ్రీలంక వెళ్లేవారికి మొన్న ఇచ్చిన సూచనల్లో, పున్నమి నాడు (అక్కడ ‘పోయ’ అంటారు) బౌద్ధాలయాలు మూసేస్తారని రాశాం. అది తప్పు. సెలవు ఆఫీసులకు, బ్యాంకులకు. మద్యం అమ్మకాలూ ఆ రోజు బంద్. ఆలయాలు మాత్రం తెల్లబట్టల భక్తులతో కిటకిటలాడతాయి. అక్కడి ప్రభుత్వ సెలవుల పట్టికతో సరిచూశాం, మొదట దాన్ని మేమే తప్పుగా చదివాం. కాబట్టి ఆ రోజును వదులుకోకండి, తెల్లబట్టలు పెట్టుకెళ్లండి. మే నెల పున్నమి పండుగ వెసాక్‌కు, జూన్ పున్నమి పండుగ పొసొన్‌కు పాత రాజధాని అనురాధపురం వైపు గదులు దొరకడం కష్టం, ముందే బుక్ చేసుకోవాలి.

అనురాధపురంలోని రువన్వేలిసేయ స్తూపం గురించి మేం రాసిన ‘ఆదుర్రు స్తూపంలాంటిదే’ అన్న మాటను, అక్కడ చెప్పులతో తిరగొచ్చని కొందరు అర్థం చేసుకున్నారు. మన కోనసీమ ఆదుర్రుది తవ్వకాల్లో బయటపడిన శిథిలం. అనురాధపురం రువన్వేలిసేయలో నేటికీ పూజలు జరుగుతున్నాయి. చెప్పులు, టోపీ బయటే వదలాలి. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. ఎండెక్కితే రాతిపలకలు అరికాళ్లను కాల్చేస్తాయి, అందుకే పొద్దున్నే వెళ్లడం మేలు. స్తూపం కుడిచేతి వైపు ఉండేలా, మన ప్రదక్షిణలాగే తిరగాలి. బుద్ధుడికి వీపు పెట్టి ఫొటో దిగడం అక్కడ అపచారం. పూజకు కొన్న పూలను వాసన చూడకుండానే సమర్పించాలి.